బహదూర్ అంకుల్ రూబార్బ్ కట్టలు

బహదూర్ అంకుల్‌కి ఉన్నది ఒకటే జబ్బు. ఏ ఇంటికీ రూబార్బ్ లేకుండా వెళ్లరు. నల్గొండ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఈ పెద్దమనిషి, నగర శివారైన క్రాన్‌బర్న్‌లో తన పెరడంతా ఆ ఒక్క మొక్కతోనే నింపేశారు. చూడ్డానికి ఎర్రటి చేమ కాడల్లా ఉంటుంది. ఆకులు విషం, కాడలు పులుపు. ఆ పులుపు ముందు చింతకాయ పటికబెల్లం.

పుట్టినరోజుకు రూబార్బ్, గృహప్రవేశానికి రూబార్బ్. ఎదురింటి అచ్యుత్ ఆస్ట్రేలియా పౌరుడిగా ప్రమాణం చేసిన రోజున అంకుల్ సూటు వేసుకుని, చంకలో కట్టతో హాజరయ్యారు. ఫోటోలో జెండా సగమే కనబడుతుంది. రూబార్బ్ మాత్రం పూర్తిగా కనబడుతుంది.

అచ్యుత్ భార్య నీలిమ మొదటిసారి మర్యాద కొద్దీ పప్పులో వేసింది. అచ్యుత్ ఒక ముద్ద తిని, "నీలూ, నాకు ఎడమ చెవి వినబడట్లేదు" అన్నాడు. అప్పట్నించీ వారం వారం వచ్చిన కట్ట వచ్చినట్టే తోటచెత్త వేసే గ్రీన్ బిన్‌లోకి పోయేది.

"పోయినసారిది ఏం చేసినవ్ బిడ్డా?" అనేవారాయన గుమ్మంలోనే నిలబడి.

"పచ్చడి చేశానంకుల్."

"మంచిగొచ్చిందా?"

"చాలా బాగా వచ్చింది. ఇంకొంచెం ఉంటే బాగుండుననుకున్నాం."

ఆ చివరి మాట ఎందుకనేదో ఆమెకే తెలియదు. పై వారం రెండు కట్టలు వచ్చేవి.

అక్టోబరులో ఒక పొద్దున పెద్ద గాలికి నీలిమ వాళ్ల బిన్ను రోడ్డు మీద పడిపోయింది. ఆమె పరుగున వచ్చేసరికి బహదూర్ అంకుల్ వంగి కట్టలు ఏరుతున్నారు. ప్రతి కట్టకూ చుట్టిన కాగితం మీద ఆయన చేతిరాతే, 'నీలిమ బిడ్డకు' అని. రెండు కట్టలు. ఒక్కటీ విప్పింది కాదు.

నీలిమ బిన్ను లేపి నిలబెట్టింది. "అంకుల్, అవి..."

"ఏం గాలి బిడ్డా ఇది," అన్నారాయన తలెత్తకుండా. "అందరి సామాన్లు కొట్టుకపోతున్నయ్."

కట్టలు రెండూ తిరిగి బిన్‌లోనే వేసి, మూత జాగ్రత్తగా మూసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు.

తిట్టినా బాగుండేది. ఆ రోజు ఆఫీసు మీటింగులన్నిట్లో నీలిమ కెమెరా ఆపేసుకుని కూర్చుంది. సాయంత్రం ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లింది. అంకుల్ భార్య షమ్సున్నీసా ఆంటీ తలుపు తీసింది.

"ఆంటీ, అంకుల్ అంత కష్టపడి పెంచి ఇస్తే నేను తినకుండా..."

"ఆయన తింటడా ఏంది బేటీ? కిడ్నీల రాళ్లు. డాక్టర్ ముట్టొద్దన్నడు. నాకైతె ఆ వాసనే పడది."

"మరెందుకు పెంచుతున్నారు?"

ఆంటీ ఆమెను కూర్చోబెట్టింది. "ఈ ఇంట్లకొచ్చిన కొత్తల బాత్‌రూంల జారి పడ్డ. తుంటి ఇరిగింది. పొద్దుగాల పడితె, ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాంక అట్లనే ఉన్న. ఒక్కరు తలుపు కొట్టలే. అప్పటి సంది ఈ గల్లీల ప్రతి తలుపు వారానికొకసారి ఆయనే కొడ్తడు. ఉత్తగ కొడితె ఏం పనో అని భయపడ్తరు గద. చేతిల ఏదన్న ఉంటె, మనిషి మొహం చూసి రావొచ్చు. రూబార్బ్ అయితె ఎంత పీకినా పెరుగుతది."

నీలిమకు పోయిన చలికాలం గుర్తొచ్చింది. అచ్యుత్ ఊళ్లో లేనప్పుడు, జ్వరంతో తూలుతూ కట్ట అందుకుంది. అరగంటలో ఆంటీ కారు తాళాలతో వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అదేదో అనుకోకుండా వచ్చిందనుకుంది తను.

పెరట్లో అంకుల్ మొక్కలకు ఎరువు వేస్తున్నారు. నీలిమ ఎదురుగా వెళ్లి నిలబడింది. తల మాత్రం లేవలేదు.

"అంకుల్, రెండేళ్లుగా మీరిచ్చినవన్నీ పారేశాను. పచ్చడి కూడా అబద్ధమే."

"నాకెర్కే బిడ్డా. గల్లీల అందరు పారేస్తరు. చెత్తబండి మంగళారం వస్తది గద. అందుకే నేను బుధారం ఇస్త. బిన్నుల జాగ ఉంటది."

సిగ్గుతో చచ్చిపోవాలో, నవ్వాలో నీలిమకు తెలియలేదు. ఆయన ఈలోగా నాలుగు కాడలు పీకి, ఆకులు తుంచి, కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టారు.

"పద్నాలుగో నంబరింట్ల లిఖిత అని కొత్త పిల్ల దిగింది. ఒక్కతే ఉంటది. నాకు మోకాలు నొస్తున్నది, జెర నువ్వు పోయి రా."

లిఖిత తలుపు తీసింది. కట్టను చూసి, నీలిమకు బాగా తెలిసిన మర్యాద నవ్వొకటి నవ్వింది.

"థాంక్యూ అక్కా. వీటినెలా వండాలి?"

"వండక్కర్లేదు," అంది నీలిమ, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ. "అన్నం తిన్నావా?"