మామ కారు, మగ్గాల ఇంటి నీళ్లు

మొన్న కరీంనగర్‌లో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్లికి వెళ్లాను. ఎదురుకోలుకు పెళ్లికొడుకును ఎక్కించుకొని వచ్చిన పాతకాలపు కారొకటి, పూలదండలతో సహా ఫంక్షన్ హాలు గేటు ముందరే ఆగిపోయి, ముక్కులోంచి బుసబుసమని ఆవిరి కక్కింది. పిల్లలంతా నవ్వుతూ ఫోటోలు తీసుకున్నారు గానీ నేను ఉన్నచోటే నిలబడిపోయాను. వేడెక్కిన రబ్బరు, తుప్పునీళ్లు కలిసిన ఆ వాసన నా ఈడువాళ్లకు తెలిసే ఉంటుంది. నాకైతే అది మా మేనమామ దగ్గర వచ్చే వాసన.

మామది ఖానాపూర్. కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు కొత్తగా తీగ చుట్టి బాగుచేయడం ఆయన పని. అలాంటి మనిషి, ఎవరో రిటైరైన ఆఫీసరు దొడ్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఒక ముసలి కారును ఇంటికి తెచ్చుకొని, ఏడాది పాటు దానితోనే కాపురం చేశాడు. హుస్నాబాద్‌లో మా అమ్మానాన్నల దగ్గర కాకుండా, బీఈడీ అయ్యాక ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నేను అప్పుడు మామ ఇంట్లోనే ఉండేదాన్ని. ఊరికే కూర్చోలేక ఆయన పక్కన చేరాను. రేడియేటర్‌లో పేరుకున్న సున్నాన్ని సోడా నీళ్లతో కడగడం, ఎండాకాలం ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మీద తడిగుడ్డ కప్పడం, ఇంజనుకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపల గరుకు కాగితంతో రుద్దడం, అన్నీ చూశాను. చేసింది మాత్రం తక్కువ. చదువుకున్న పిల్లకు ఆ మసి పనేమిటని అత్త రోజూ సణిగేది.

టీచరు ఉద్యోగానికి కరీంనగర్‌లో ఇంటర్వ్యూ అన్న ఉత్తరం హుస్నాబాద్‌కు వచ్చి, అక్కడి నుంచి ఖానాపూర్ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. తెల్లవారి మేము బస్టాండుకు పోతే, వేళకు అందుకోగల ఒకే ఒక్క బస్సు ఆ రోజు రానేలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ మాత్రం, "బస్సు రాకుంటే ఏమాయె, మన బండి లేదా? ఫికర్ చెయ్యకు బిడ్డా" అని వెనక్కి తిరిగాడు. అంత దూరం ఆ కారు ఎన్నడూ పోలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మే నెల ఎండ. కోరుట్ల దాటాక వేడి చూపే ముల్లు చివరికంటా పోయింది. మామ కారాపి, బానెట్ ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాడో లేదో, రేడియేటర్ పైనున్న రబ్బరు గొట్టం ఫట్టున పగిలి మరిగే నీళ్లు ఆయన కుడిచేతి మీద పడ్డాయి. ఆయన ఆ చేతిని వెనక్కి దాచుకొని, "టైమెంతయింది బిడ్డా?" అని అడిగాడు.

రోడ్డు పక్కనే మగ్గాల చప్పుడు వస్తున్న ఇల్లొకటి ఉంది. అందులోంచి ఒక అవ్వ పరుగున వచ్చి, మామను అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో చల్లటి నీళ్లు ఆ చేతి మీద పోస్తూనే ఉంది. నూలుకు పెట్టే గంజి కోసం ఊరవతలి బావి నుంచి మోసుకొచ్చుకున్న రెండు బిందెలవి. ఒకటి మామ చేతికి అయిపోయింది. రెండోది మా కారుకు ఇచ్చేసింది. పగిలిన గొట్టం చూసి, లోపలి నుంచి పాతగుడ్డ, నూలు కండె తెచ్చి తానే చుట్టింది.

"నూలు తడిస్తే ఇంకింత బిగుస్తది. జర ఆగు, గిట్ల ముడేస్తే ఊడదు."

నీళ్లు నిలిచాయి గానీ కారు మాత్రం స్టార్టు కాలేదు. అరుగు మీద నుంచే మామ చెప్పాడు, "నీళ్లు డిస్ట్రిబ్యూటర్ల పడ్డయ్. మూత తియ్యి బిడ్డా. నాతోని గాదు, నువ్వే జెయ్యాలె."

మూత తీసి, ఇంటర్వ్యూ కోసం కట్టుకున్న చీర కొంగుతోనే లోపలంతా తుడిచాను. అయినా ఇంజను పలకలేదు. నిప్పురవ్వకు కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే ఒక్కో తీగనూ కదిపి చూస్తుంటే పెళుసుబారిన తీగ ఒకటి చేతిలోనే తెగింది. దాని తొడుగు పంటితో ఒలిచి, మెలిపెట్టి బిగించాను. ఈసారి ఇంజను దగ్గి, వణికి, లేచింది. అవ్వ చప్పట్లు కొట్టింది. అక్కడి నుంచి మామ ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుంటే, ఆయన చెప్పినప్పుడల్లా గేరు నేను వేశాను.

చేరేసరికి నా పేరు పిలవడం అయిపోయింది. ఇంటర్వ్యూ చేసే పెద్దమనుషులు దయతలచి లోపలికి రానిచ్చారు. మధ్యలో కూర్చున్నాయన నా నల్లటి చేతులు చూసి, "ఏందమ్మా ఆ మసి?" అన్నారు. కారు చెడిపోతే బాగుచేసుకొని వచ్చానన్నాను. అయితే రేడియేటర్ ఎలా పనిచేస్తుందో చెప్పమన్నారు. పుస్తకంలోది ఒక్క ముక్క గుర్తు రాలేదు. పొద్దుటి నుంచి జరిగిందే చెప్పుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా సైన్సు టీచరుగానే ఉన్నాను.

మామ చెయ్యి మానింది గానీ రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. సన్న తీగ చుట్టే పనికి ఆ వేళ్లే కావాలి. అప్పటి నుంచి ఆయన పెద్ద మోటార్లే తీసుకున్నాడని, చిన్నవి తిప్పి పంపేవాడని, ఆయన పోయాక అత్త చెబితే గానీ నాకు తెలియలేదు. నా ముందు ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో మిఠాయి పట్టుకొని ఒక్కదాన్నే ఆ అవ్వ ఇంటికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. కారు సంగతి చెప్పగానే మాత్రం, "గాయన చెయ్యి మానిందా బిడ్డా?" అని అడిగింది. ఉద్యోగం గురించి చెబితే, మంచిదని తల నిమిరింది.

ఇప్పుడు ఆ దారిలో మగ్గాల చప్పుడు వినపడదు. కార్లు కూడా అంత తేలిగ్గా ఆగవు, ఆగినా అద్దాలు దించకుండానే సాయం పిలిపించుకోవచ్చు. అది సుఖమే, కాదనను. కానీ ముక్కూముఖం తెలియని వాళ్ల గడపలో నిలబడి నీళ్లడిగే అవసరం తప్పాక, మనకు ఎవరెవరు ఉన్నారో తెలిసే దారి కూడా మూసుకుపోయిందనిపిస్తుంది. గంజికి తెచ్చుకున్న నీళ్లు మాకిచ్చేశాక ఆ అవ్వ మళ్లీ ఆ ఎండలో బావికి పోయిందేమో, ఆ రోజు ఆ ఇంట్లో పని ఎంతసేపు ఆగిందో, నేను అడగనే లేదు. అడగాలని తోచే వయసు వచ్చేసరికి చెప్పడానికి ఆమె లేదు.