మగ్గాల హోరులో మాట్లాడుకున్నవాళ్ళు

నేత మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళకు నోరు పెద్దది, గొంతు చిన్నది. మరమగ్గాల హోరులో పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకని వాళ్ళు శబ్దం లేకుండా, పెదవులు సాగదీసి మాట్లాడుకునేవారు. షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరకు కూరల సంగతులు, కోడళ్ళమీద ఫిర్యాదులు, మేస్త్రీమీద తిట్లు అన్నీ అలాగే సాగేవి. మేస్త్రీకి అందులో ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. తననే పొగుడుతున్నారనుకుని పాపం నవ్వేవాడు.

కండెలమ్మ ఆ షెడ్డులోనే ముసలిదైంది. చిన్నప్పుడు నూలు కండెలు మోసే పనిలో చేరింది కాబట్టి ఆ పేరు. పక్క మగ్గంమీద ఉండే వదినను అందరూ రేడియో అనేవారు. ఎందుకో చెప్పనక్కర్లేదు. మిల్లు మూతపడ్డ ఎన్నో ఏళ్ళకు, గొంతులో గడ్డ తీయించుకున్నాక రేడియోకు మాట పోయింది. ఆపైన ఆవిడ గడప దాటలేదు. ఎవరు పలకరించినా కూతురే జవాబు చెప్పేది, తల్లి మొహంవైపు చూడకుండానే. ప్రేమ లేక కాదు, అమ్మ దగ్గర ఇక మాటలు లేవని నమ్మేసింది. అది కండెలమ్మకు నచ్చేది కాదు.

గ్రంథాలయంలో పనిచేసే కండెలమ్మ కోడలు మిల్లువాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేస్తోంది. అత్తగారిని అడిగితే, మా వదిన లేకుండా నేను నోరు విప్పనని మొండికేసింది. సరేనని ఇద్దరూ రేడియో ఇంటికి వెళ్ళారు.

రేడియో వాళ్ళను చూసి గోడవైపు తిరిగి కూర్చుంది. కండెలమ్మ తగ్గలేదు. కుర్చీ లాక్కెళ్ళి ఆ గోడకూ ఆవిడకూ మధ్య వేసుకుని, పెదవులు మాత్రం కదిపి, మేస్త్రీ గురించి అప్పట్లో అనుకునే మోటు మాట ఒకటి విసిరింది. రేడియో భుజాలు కదిలిపోయాయి. చప్పుడు లేని నవ్వే గానీ కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. ఇక చూసుకోండి, ఇద్దరూ కట్టలు తెంచుకున్నారు. చేతులు తిప్పుతారు, కనుబొమలు ఎగరేస్తారు, తొడలు చరుచుకుంటారు.

చాలాసేపయ్యాక కోడలు మెల్లిగా అంది. "అత్తయ్యా, అంతా బాగానే ఉంది గానీ మీ గొంతేదీ? ఇంతసేపూ రికార్డులో ఫ్యాను చప్పుడే ఎక్కింది."

కండెలమ్మ నాలుక కరుచుకుంది. ఎదుట వదిన కూర్చునేసరికి తనకు గొంతుందనే మరిచిపోయింది. ఈసారి రేడియో పెదవులతో అనే ప్రతి మాటా తను పైకి చెబుతానంది.

తాగునీళ్ళ పీపా కోసం షెడ్డంతా ఒక్కసారిగా మగ్గాలు ఆపేసిన రోజు దగ్గరికి కథ వచ్చింది. మేస్త్రీ నడిమధ్యన నిలబడి ఉండగానే ఆయన నెత్తిమీదుగా మాట దాటించారు. మొదట మగ్గం ఆపిందన్న పేరంతా రేడియోకే దక్కింది. ఇప్పుడు ఆవిడ పెదవులు కదులుతుంటే కండెలమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమంటున్నారని కోడలు అడిగింది.

"ఏముంది, మేస్త్రీ మీసాల గురించి," అంది కండెలమ్మ మొహం తిప్పుకుని.

రేడియో బల్ల చరిచింది. కండెలమ్మను పక్కకు నెట్టి, కోడలి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఒక్కో మాటా సాగదీసి పలికింది. కోడలు ఆ పెదవులనే చూస్తూ కూడబలుక్కుంది.

"మొదట... మగ్గం ఆపింది... ఇదే. నేను... మాట అన్నాను, అంతే. నాకు... ధైర్యం చాలలేదు."

రేడియో అవునంటూ తలాడించింది. కండెలమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. తన సంగతి బయటపడినందుకు కాదు. వదిన మాట, తను మధ్యలో లేకుండానే, ఇంకో మనిషికి అందింది. ఆ సంతోషం పట్టలేకపోయింది.

కూతురు నీళ్ళ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. రేడియో ఆమెవైపు తిరిగి ఏదో అంది. కూతురు అలవాటుగా కండెలమ్మకేసి చూసింది.

"నన్ను చూస్తావేమే? మీ అమ్మ మొహం చూడు," అంది కండెలమ్మ.

రేడియో మళ్ళీ అంది. కూతురు కళ్ళు చిట్లించి చూసింది. "కూర్చోమంటోంది," అని వాళ్ళకు చెప్పబోయి, ఆగి, గ్లాసులు కిందపెట్టి, వచ్చి తల్లికి ఎదురుగా కూర్చుంది.