గోడవైపు తిప్పిన రాయి

నా చిన్నప్పుడు మా మెట్టుగూడ బస్తీలో నీళ్ల కోసం రోజూ కొట్లాటలే. కానీ ఆ నీళ్లు వచ్చే నల్లా మీద ఉన్న పేరు కోసం జరిగిన కొట్లాట ముందు అవన్నీ ఎందుకూ పనికిరావు. రైల్వే క్వార్టర్ల గోడ దాటగానే మూలమీద రాతి గద్దె ఒకటి ఉండేది. దానికి రెండు నల్లాలు, వాటి వెనక మనిషెత్తు రాతిగోడ, ఆ గోడలో పొదిగిన నల్లరాతి పలక. పలక మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెల్లదొర పేరు. బిందె నిండేదాకా ఆ అక్షరాల గాట్లలో వేలు పెట్టి తిప్పుతూ నిలబడేదాన్ని. అది ఒక మనిషి పేరని కూడా అప్పట్లో నాకు తెలియదు.

ఆ పలక చెక్కింది మా తాత. కంటోన్మెంటు గోరీల మీద దొరల పేర్లు, దొరసానుల పేర్లు, పసిపిల్లల పేర్లు చెక్కడమే ఆయన పని. ఆయనకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. కాగితం మీద రాసిచ్చింది చూసి, సుద్దతో రాతి మీదికి దించుకుని, గీత తప్పకుండా ఉలి నడిపేవాడు. నల్లా గద్దె కట్టిన రోజుల్లో తాతకు తోడుగా ఆయన తమ్ముడు, అంటే మా చిన్నతాత, బండలు మోశాడు. గోడ మీదికి పెద్ద బండను తాళ్లతో ఎత్తుతుంటే తాడు తెగిందట. చిన్నతాత దాని కిందే పోయాడు. అప్పటికి పెళ్లి కూడా కాలేదు. తమ్ముణ్ని మట్టి చేసి వచ్చిన మూడోనాడు మా తాత అదే గోడ ముందు కూర్చుని దొర పేరు చెక్కాడు. పని ఆపితే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారట.

నాకు ఎనిమిదేళ్లు వచ్చేసరికి దొరలు వెళ్లిపోయి చాలా కాలమైంది. ఒకరోజు ఎవరికో ఉన్నట్టుండి ఆ పేరు కంట్లో నలుసైంది. ఆ దొర కూలీలను కొరడాతో కొట్టించేవాడని, వాడి పేరు కింద నీళ్లు పట్టుకోవడం సిగ్గుచేటని కొందరు. అంతకు ముందు బస్తీకి గుక్కెడు నీళ్లిచ్చిన వాడెవడో చెప్పమని ఇంకొందరు. రోజూ సాయంత్రం కుస్తీలు నేర్పే తాలీంఖానా ముందు జనం పోగై గొంతులు చించుకునేవారు. మా తాత ఒక వారన గొంతుక్కూర్చుని అందరి మాటలూ వినేవాడు. కొరడా సంగతి నిజమే, నీళ్ల సంగతీ నిజమే అని ఇంటికొచ్చి మా నానమ్మతో అనేవాడు. అక్కడ మాత్రం ఆయనను అడిగిన వాళ్లు లేరు.

ఆఖరికి బస్తీలో పలుకుబడి ఉన్న కాంట్రాక్టరు ఒకాయన మధ్యలోకి వచ్చాడు. గద్దె తానే బాగుచేయిస్తాననీ, పలక మీద చనిపోయిన తన తండ్రి పేరు వేయించుకుంటాననీ చెప్పాడు. అప్పటిదాకా ఒకరి మీదికి ఒకరు లేచినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే మా తాత లేచి, పలక అడుగున ఒక మూల చిన్నగా తన తమ్ముడి పేరు కూడా వేసుకోనియ్యమని అడిగాడు. ఆయన నోరు తెరిచి నలుగురిలో ఏదైనా అడగడం నేను చూసింది అదొక్కసారే. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు. బండ మోసినోడి పేరు సుత రాయాల్నంటే పలక చాలదు మేస్త్రీ అన్నాడు ఒకాయన. తాత కూడా వాళ్లతో పాటే నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఎందుకో ఏడుపొచ్చింది.

పాత అక్షరాలు చెక్కి తీసేస్తే రాయి పలచబడుతుంది, ఎంత నూరినా గుంటలు పడినట్టే కనిపిస్తుంది. అందుకని రాతిపనిలో ఒక పద్ధతి ఉంది. పలకను ఊడదీసి తిరగేస్తారు. పాత పేరు గోడవైపు పోతుంది, వీపువైపు నునుపు చేసి కొత్త పేరు చెక్కుతారు. అలా ఆ పలక ఎడ్లబండి మీద మా వాకిట్లోకి వచ్చింది. తాత నాలుగు రోజులు కూర్చుని కాంట్రాక్టరు తండ్రి పేరు చెక్కాడు. అయిదో రోజు మధ్యాహ్నం, మా నాన్నా బాబాయీ సాయం పట్టి పలకను మళ్లీ దొర పేరు పైకి వచ్చేలా తిరగేసి పనికి పోయాక, నన్ను పిలిచాడు.

"బిడ్డా, చిన్నతాత పేరు నీకు రాయొస్తదా?"

వస్తదన్నాను. పక్కింటి టీచరమ్మ దగ్గర అప్పుడే గుణింతాలు పూర్తి చేశాను. సుద్దముక్కతో దొర పేరు కింద మూడక్షరాలు రాశాను. వరస వంకర పోయిందని ఒకసారి చెరిపి మళ్లీ రాశాను. తాత పొద్దుగుంకేదాకా ఆ మూడక్షరాలే చెక్కాడు. అన్ని పేర్లు చెక్కిన మనిషి ఒక్క పేరు కోసం అంత సేపు తీసుకోవడం నాకు వింతగా తోచింది. గోడల్కి పోయినంక ఎవనికి కనవడది, కనవడనిదాన్ని ఎవడు తీస్తడు, నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు అన్నాడు. చెప్పనని నెత్తిమీద చెయ్యేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మకు చెప్పేశాను. ద్వేషంతో కాదు, భయంతోనూ కాదు, గొప్ప కోసం. రాయి మీద నా చేతిరాత ఉందని ఎవరికీ చెప్పకుండా ఉండటం ఎనిమిదేళ్ల పిల్ల వల్ల కాలేదు. టీచరమ్మ కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మెత్తనిది, నన్ను సొంత బిడ్డలా చూసేది. "ఎంత బాగా నేర్చుకున్నావే!" అని నా తల నిమిరింది. ఆ సంతోషం పట్టలేక భర్తతో చెప్పింది. భర్త తాలీంఖానా పెద్దల్లో ఒకడు. మధ్యాహ్నానికల్లా అయిదుగురు మా వాకిట్లో ఉన్నారు.

కాంట్రాక్టరు మొహం కందగడ్డ అయింది. ఒకే రాయికి ఒక వైపు తన తండ్రి పేరు, ఇంకో వైపు కూలోని పేరా, వీపుకు వీపు ఆనించుకుని ఉంటయా అన్నాడు. అప్పుడే తీసెయ్యమన్నాడు. మరి తెల్లోని పేరో అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"అది ఉంటె ఉండనియ్. గోడల్కి పోతది, ఎవనికి కనవడ్తది?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఇది సుత గోడల్కే పోతది గద సారూ," అన్నాడు మా తాత.

అక్షరాలు ఎవరు రాసిచ్చారని అడిగారు. ఆయనకు చదువు రాదని ఆ అయిదుగురికీ తెలుసు. నేను భయంతో తలుపు వెనక నక్కాను. నేనే రాసుకున్నా అన్నాడు తాత, వాళ్ల మొహాల్లోకి చూస్తూ. తర్వాత వాళ్లు చూస్తుండగానే ఉలి తీసుకుని తమ్ముడి పేరు చెక్కి తీసేశాడు. ఒక పూటంతా చెక్కింది పోవడానికి చుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదు. దొర పేరు మీద చిన్న గీత కూడా పడలేదు. సాయంత్రం పలకను తీసుకుపోయి గోడలో పెట్టి సున్నం మెత్తారు.

ఆ రాత్రి నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్లు తెమ్మని, తాగి, పొయ్యి సదువుకో బిడ్డా అన్నాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో.

ఇప్పుడు ఆ నల్లాల్లో నీళ్లు రావు. గద్దె సగం ఫుట్‌పాత్ కింద కూరుకుపోయింది, మిగతా సగం మీద ట్యూషన్ల పోస్టర్లు. అయినా మళ్లీ దాని మీద రగడ షురూ అయింది. ఆ కాంట్రాక్టరు తండ్రి గరీబోళ్ల జాగాలు మింగాడట, ఆయన పేరు తీసేయాలని ఒక వాట్సాప్ గ్రూపు. తీస్తే ఊరుకోమని ఆయన మునిమనవళ్ల గ్రూపు. పాత రాళ్ల చరిత్ర సేకరిస్తున్నానంటూ మారేడ్‌పల్లి నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, అమ్మమ్మా మీకేం తెలుసో చెప్పండి అని ఫోను నా ముందు పెట్టింది. అదంతా జరిగి అరవయ్యేళ్లు దాటాయి, ఇంకెవరికి భయపడాలి అనుకున్నాను. దొర, కొరడా, నీళ్లు, తాడు తెగడం, చిన్నతాత, నా సుద్దముక్క, అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

రెండు రోజుల్లో బస్తీ అంతా గుప్పుమంది, పలక వెనక తెల్లదొర పేరు ఉందని. తిప్పి దొర పేరే బయటికి పెట్టాలి, అదే అసలు చరిత్ర అని కొందరు. ఇన్నాళ్లూ తెల్లోణ్ని గోడలో దాచిపెట్టారా, పగలగొట్టండి అని కొందరు. మొన్న పోలీసులు కూడా వచ్చి వెళ్లారు. ఆ అమ్మాయి ఫోన్లో పెట్టింది, గ్రూపుల వాళ్లు రాసుకున్నది అంతా నా మనవడి చేత చదివించుకుని విన్నాను. చిన్నతాత మాట ఎక్కడా లేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. పాపం, మర్యాదగానే చెప్పింది.

"అమ్మమ్మా, అక్కడ ఇప్పుడు ఆయన పేరు లేదు కదా. నేను ప్రూఫ్ ఏం చూపించను?"

నిజమే. ఉన్న ఒక్క ప్రూఫూ నా నోటి పుణ్యమా అని పోయింది. దొర పేరు బయటపడిందీ నా నోటితోనే. ఊళ్లో విగ్రహాల గురించి, రాళ్ల గురించి ఎవరు వాదించుకుంటున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి పక్షమని అడిగితే లేచి లోపలికి పోతాను. ఇదంతా రాస్తున్న ఈ నాలుగు కాగితాల్లో చిన్నతాత పేరు రాద్దామని మూడుసార్లు కలం పట్టాను. ఎనిమిదేళ్లకే తప్పులేకుండా రాసిన మూడక్షరాలు, ఇప్పుడు చెయ్యి కదలదు. రాస్తే ఎవరో ఒకరు వచ్చి తీసేయమంటారని భయం. ఆ భయం నన్ను ఆ మధ్యాహ్నం తలుపు వెనక పట్టుకుంది, ఇంకా వదల్లేదు.