పచ్చన్న యుద్ధం

అనకాపల్లిలో హైస్కూలు పిల్లలకు చరిత్ర చెబుతాను. రోలుగుంట వైపున్న మా ఊరి నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లొస్తాను. మర్నాటి పాఠాన్ని ముందురోజు సాయంత్రమే పైకి చదువుకోవడం నాకలవాటు. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని "ప్రచ్ఛన్న యుద్ధం" అని చదువుతుంటే, బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆపింది.

"ఎవుడే ఆ పచ్చన్న? మనూరోడేనా?"

నవ్వాపుకోలేక నాకు పొలమారింది. మా వైపు సగం మంది మగాళ్ల పేర్ల చివర అన్న ఉంటుంది కాబట్టి ఆవిడ తప్పేం లేదు.

పుస్తకంలో బొమ్మ చూపించాను. విరిగిన వంతెన మీద అటునుంచి అమెరికా సైనికులు, ఇటునుంచి రష్యా సైనికులు చేతులు చాస్తున్నారు. ఇద్దరికీ శత్రువు జర్మనీ. ఆ శత్రువు ఓడిపోయాక ఈ చేతులు విడిపోయాయని చెప్పాను. ఎదురెదురుగా నిలబడి యుద్ధం చేసుకోలేదు గానీ, ఎదుటివాడు బతికే పద్ధతే తప్పని చెప్పి చెరికొన్ని దేశాలను తమ వెనక చేర్చుకున్నారని కూడా చెప్పాను. అమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"మీ నాన్నా, మీ మావా లాగున్నారు" అంది.

ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్న నాకు ఆ సంగతి తట్టనే లేదు.

మామయ్య అమ్మకు అన్న. ఆయన చెరుకు తోటా మాదీ పక్కపక్కనే. కొండ మీంచి పందులు దిగి తోటలు నాశనం చేస్తున్న రోజుల్లో ఆయనా నాన్నా ఒకే మంచె మీద కాపలా కాశారు, ఒకే క్యారేజీలో తిన్నారు. తర్వాత సోలార్ కంచె వచ్చింది, పందులు రావడం మానేశాయి. ఆ ఏడే బెల్లం వండే దగ్గర గొడవ మొదలైంది. బెల్లం తెల్లగా రావాలని మామయ్య పాకంలో మందు పొడి వేస్తాడు. నల్లగా ఉన్నా మందు లేనిదే బెల్లమంటాడు నాన్న. ఈయన దృష్టిలో అది విషం, ఆయన దృష్టిలో ఇది చాదస్తం. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు, ఆ లోటు మాకు లేదు. ఊరు కూడా తెల్ల బెల్లం వాళ్లు, నల్ల బెల్లం వాళ్లు అని చీలింది. రెండు చోట్లా టీ తాగే ఇల్లు ఒక్కటే మిగిలింది, దాన్ని ఎవరూ నమ్మరు.

మామయ్య మా గడప తొక్కడం మానేశాడు. అమ్మకు కావలసిందల్లా అన్న, భర్త ఒక పంక్తిలో కూర్చుని తన చేతి వంట తినడం. అదే లేకుండా పోయింది.

"మరి పందులున్నప్పుడు మీ మావ మందెయ్యలేదేటి?" అని అమ్మ అడిగింది.

మంచి ప్రశ్నే. పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న నాన్నను అడిగాను.

"ఏసీవోడు" అన్నాడు నాన్న. "పందులుండగా నానడగలేదు."

మా పుస్తకం రెండు పేజీల్లో చెప్పలేకపోయింది ఇదే. ఆ దేశాలకు కూడా ఒకరి పద్ధతి ఒకరికి ముందే తెలుసు. ఎదురుగా జర్మనీ ఉన్నంతకాలం ఎవరూ అది పైకి తీయలేదు.

ఆగలేక మర్నాడు బడి నుంచి వస్తూ మామయ్య దగ్గర ఆగాను. ఆయన బెల్లం వండే పెనం పక్కన నిలబడి పాకం మీద తేలిన మడ్డి తీస్తున్నాడు.

"మీ నాన్నది ఎప్పుడూ అదే సాదస్తం" అన్నాడు. "మంచె మీద ఇని నవ్వుకునీవోడ్ని." తీసిన మడ్డి పక్కన పోసి, "మీ అమ్మ బాగుందా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను.

"ఆ పచ్చన్న యుద్ధం ఎన్నాల్లు సాగిందే?"

"నలభై ఏళ్ల పైనేనమ్మా."

"అంతకాలం నానుండను."

గుమ్మంలో నిలబడ్డ నాన్న కూడా విన్నాడు. పెరట్లోకి వెళ్లి ఫోన్ తీశాడు.

"బావా, రేపు మజ్జాన్నం బోజనానికి రా. మీ సెల్లి పిలత్తంది."

మామయ్య వచ్చాడు, చంకలో తన తెల్ల బెల్లం పెట్టుకుని మరీ. అమ్మ దాన్ని అందుకుని, మా నల్ల బెల్లం ముక్క కూడా కలిపి పరమాన్నం వండింది.

"కొంచెం నల్లగొచ్చింది" అన్నాడు మామయ్య.

"నీ మందు లేపోతే ఇంకా బాగుండును" అన్నాడు నాన్న. ఇద్దరూ తలెత్తకుండా తింటున్నారు.

నెయ్యి గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లి, "వీళ్లిద్దర్లో పచ్చన్న ఎవరమ్మా?" అని గుసగుసగా అడిగాను.

"పంక్తిలోంచి ముందు లెగిసినోడు" అంది అమ్మ, గిన్నె నా చేతిలో పెడుతూ. "లెగనీకు. ఒడ్డించు."