పొలిమేర దాటి కూర్చున్న అవ్వ

మా ఎదురింటి అవ్వ పోయిందని మొన్న డ్యూటీ దిగి వస్తుంటే దారిలోనే చెప్పారు. నేను చేరేసరికి ఆమె ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టి ఉంది. 'కాలనీ తల్లికి కన్నీటి నివాళి' అట. కట్టించింది మా కాలనీ పెద్దమనిషి. చూసి ఒళ్లు మండింది.

గోదావరిఖని శివారులో, గని మట్టికుప్పల పక్కనున్న సర్కారు భూమిలో గుడిసెలు వేసుకున్న కూలోళ్లం మేము. గుడిసెలు పీకడానికి జేసీబీ వచ్చిన రోజు దాని ముందే పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలిచిన మనిషి ఆమె. డ్రైవరు హారన్ కొడితే, "ఆగు బిడ్డా, కూర పొయ్యిమీద పెట్టనియ్యి" అంది. కొత్తగా ఎవరు గుడిసె వేసుకున్నా ఆ పూట అన్నం ఆమె ఇంట్లోనే. మేము వచ్చిన రోజు పోసిన పచ్చిపులుసు రుచి నాకింకా గుర్తుంది.

గుడిసెలు రేకులిళ్లయ్యాయి, కొన్నింటికి స్లాబులు పడ్డాయి. అప్పుడు మాకూ ఒక ఊరు కావాలనిపించి, నడుమ ఊరికి బొడ్డుగా కొలిచే రాయిని, బొడ్రాయిని, నాటుకున్నాం. అది నాటే రోజు బయటివాళ్లు పొలిమేరలో ఉండకూడదని ఆచారం. మా తర్వాత వచ్చి మట్టికుప్ప కింద గుడిసెలు వేసుకున్నవాళ్లను పెద్దమనిషి వెళ్లిపొమ్మన్నాడు.

"పట్టా లేనోళ్లు మా ఊరోళ్లెట్లయితరు?"

మాకు మాత్రం పట్టాలున్నాయా!

"పక్కూరోళ్లు మనల్ని గిట్లనే అనలేదార? వాళ్లు పోతే నేను సుత పోత" అని అవ్వ చాప చంకన పెట్టుకుని వాళ్లతోపాటే పొలిమేర దాటింది. డప్పులు మోగినంతసేపూ రోడ్డు పక్కన కూర్చుంది. ఆ తర్వాత పెళ్లికీ పండుగకూ ఆమెకు బొట్టు పెట్టి పిలవడం మానేశారు. ఎవరింట్లో పురుడైనా ఆమె మాత్రం బాలింతకు పెట్టే కాయం పట్టుకుని వెళ్లేది. పిలవకున్నా ఎందుకు పోతావని అడిగితే, "పిలిచెతందుకు నేనేమన్న చుట్టాన్నా?" అనేది.

మొన్న అవ్వ పాడె మోస్తామని కింది గుడిసెలవాళ్లు వచ్చారు. "మావోళ్లు మస్తుమందున్నరు, మీరు ఎనకకెళ్లి రాండ్రి" అన్నాడు పెద్దమనిషి. ఒక్కరికీ భుజం పట్టనివ్వలేదు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ప్రాణముంటే పలుకుతారన్న ఆశతో అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పిల్లల్లేని మనిషి కాబట్టి పెద్దమనిషే వంగి, చేతిలో ఫోన్ చూసుకుంటూ, "అవ్వా, అవ్వా, అవ్వా" అనేశాడు. ఆ పిలుపుకు నేనైనా లేవను.

పాడె మళ్లీ భుజాలకెక్కింది. అప్పుడు వెనుక నుంచి కింది గుడిసెల ఆడవాళ్లు అందుకున్నారు. "అవ్వా... ఓ అవ్వా..." చితి అంటుకున్నాక కూడా వాళ్లు పిలుస్తూనే ఉన్నారు.