పన్ను బిల్లు మీద పేరు

మా ఆయన పోయాక లాల్‌దర్వాజాలోని మా ఇంటి ముందుగదిలో చాయ్ హోటల్ పెట్టాను. చిన్న హోటళ్లకు సర్కారు లోన్లు ఇప్పిస్తోందని విని, గ్యాస్ పొయ్యి కొందామని బ్యాంకుకు వెళ్లాను. క్లర్కు ఇంటిపన్ను రసీదు చూసి, "ఇది మీ ఆయన పేరు మీదున్నదమ్మా. మీ పేరు మీదికి మార్పించుకొని రాండ్రి, లోన్ వస్తది" అన్నాడు.

డెత్ సర్టిఫికెట్ పట్టుకుని వార్డు ఆఫీసు మెట్లదాకా వెళ్లి, తిరిగొచ్చేశాను. ఇంతోటి తెలివికి హోటలొకటా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కట్టెల పొయ్యి పొగకు కళ్లు మండినప్పుడల్లా మళ్లీ తిట్టుకున్నాను.

భర్త పేరు నోటితో పలకడం నాకు అలవాటు లేదు. పలికే పిల్లలూ లేరు. ఆరు నెలలకోసారి బిల్ కలెక్టరు గడప బయట నిలబడి, బిల్లులో చూసి గట్టిగా పిలిచినప్పుడే ఆ పేరు మా ఇంట్లో వినబడేది.

ఒకసారి కొత్తాయన వచ్చాడు. పిలిచాడు. ఇంకోసారి పిలుస్తాడని పలకకుండా కూర్చున్నాను. పిలిచాడు.

నేను బయటికి వచ్చాక, "ఆయన ఇంట్ల లేడా అమ్మా?" అన్నాడు.

"బయటికి పోయిండు సార్. కూసోన్రి, వస్తడు" అన్నాను.