మా గడప ఎప్పుడూ తడవలేదండీ

మా అత్తవారి ఊరికి ఉత్తరాన కాలువ, పడమర గోదావరి పాయ, దక్షిణాన సముద్రం. తూర్పున మాత్రం పొరుగూరు. ఈ నాలుగింటిలో మావాళ్ళు జంకేది పొరుగూరికే. నీళ్ళంటే ఎవరికీ లెక్కలేదు. ఎందుకంటే అక్కడ ప్రతి ఇల్లూ మెరక మీదే ఉంది. కనీసం ఆ ఇంటివాళ్ళ మాట ప్రకారం.

నిజానికి ఊరు అప్పడాల పీటంత చదును. రాజోలు బస్సు దిగి సముద్రం దాకా నడిస్తే, కాలువ వంతెన దగ్గర తప్ప ఇంకెక్కడా ఎక్కినట్టూ ఉండదు, దిగినట్టూ ఉండదు. అమలాపురం కాలేజీలో బి.ఏ. చరిత్ర చదివి, కొత్తపేట నుంచి కోడలిగా వచ్చిన నాకు మొదటి వారంలోనే మా అత్తగారు భూగోళం పాఠం చెప్పారు.

"మనది మెరకమ్మా. ఎదురింటివాళ్ళది పల్లం."

రెండిళ్ళకీ మధ్య ఎడ్లబండి పట్టేంత దారి. నేను గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాను. "ఎక్కడండీ పల్లం? నాకు కనబడ్డం లేదే?"

"చూస్తే కనబడదు. వానొస్తే తెలుస్తుంది."

వాన రానే వచ్చింది. నీళ్ళు రెండు వాకిళ్ళలోనూ ఏ పక్షపాతం లేకుండా నిలిచాయి. ఆ మాటే అన్నాను. "మనవైపు తొందరగా తీస్తాయి" అన్నారావిడ, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో నడుస్తూనే. అప్పటికే నా నోరు గురించి వీధిలో అనుకుంటున్నారని తెలిసి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం అదే ఆఖరుసారి.

ఊరి చరిత్ర కూడా ఈ మెరక దగ్గరే మొదలవుతుంది. అసలు ఊరు ఏటి ఒడ్డునే ఉండేదట. గోదావరి గట్టు కోసుకుంటూ మీదికొస్తే, తాతల కాలంలో జనం దూలాలూ తలుపులూ గేదెలూ వెంటేసుకుని ఇవతలికి వచ్చేశారట. ముందొచ్చినవాళ్ళు మెరక చూసుకుని ఇళ్ళు కట్టుకున్నారు. వెనకొచ్చినవాళ్ళకి పల్లం మిగిలింది. అందుకని మా ఊళ్ళో మెరక అన్న మాటలో నేల ఎత్తు కంటే వంశం ఎత్తు ఎక్కువ. చిక్కేమిటంటే, ఎవరింట్లో అడిగినా ముందొచ్చింది వాళ్ళే. మరి ఆఖర్న వచ్చినవాళ్ళెవరో, చరిత్ర పట్టా ఉన్న నేను కూడా చాలా ఏళ్ళు కనిపెట్టలేకపోయాను.

సరుగుడు తోటలు దాటాక, ఇసుక మీద చేపలు పట్టేవాళ్ళ పల్లె ఉంది. వాళ్ళు మాత్రం ఈ పోటీలో లేరు. ఏది మెరకో ఏది పల్లమో వాళ్ళకి సముద్రమే చెప్పేది.

తొంభైల్లో వచ్చిన పెద్ద తుఫానుకి అందరికీ చెప్పింది. సముద్రం సరుగుడు తోట దాటి, పొలాల నీరు లాగే మురుగుకోడులో ఎదురెక్కి ఊళ్ళోకి వచ్చింది. మాకు చేపలు తెచ్చే ఆవిడ మనవరాలిని భుజాన వేసుకుని, మెడలోతు నీళ్ళలో మా ఇంటిదాకా వచ్చి పడింది. అందరం అటక ఎక్కాం. అత్తగారు, నేను, మావారు, చేపలావిడ, ఆ పిల్ల, ఊరగాయ జాడీలు. కింద మా భోజనాల బల్ల పడవలా వంటింట్లోంచి హాల్లోకి వెళ్ళడం అత్తగారితో సహా అందరం చూశాం.

ఆ తర్వాతి వేసవిలో, మా ఊరికిగానీ పొరుగూరికిగానీ తుఫాను షెల్టరు ఒకటి కడతారని కబురు వచ్చింది. స్తంభాల మీద పెద్ద మేడ. ఏ ఊరికి ఎక్కువ అవసరమో చూడ్డానికి ఆఫీసరుగారు వస్తున్నారన్నారు. ముందురోజు చేపలావిడ మా అరుగు మీద గంప దించి నాతో చెప్పింది. "అమ్మాయిగారూ, ఈసారి మీ అటక దాకా రాలేనండి. మోకాళ్ళు పట్టేసేయి. షెల్టరు మనూళ్ళో పడితే పిల్లనేసుకుని ఎలాగో నడిచొచ్చేత్తాను. పొరుగూరంటే కోడు దాటాలండి. ముందు పొంగేది అదే కదండీ. మీరు గట్టిగా మాట్లాడతారు, మాట్లాడండి."

నా నోటికి ఆ ఊళ్ళో దొరికిన మొదటి మర్యాద అది.

చదువుకున్నదాన్నని పంచాయతీ ప్రెసిడెంటుగారు ఆఫీసరుగారి వెంట నన్నూ రమ్మన్నారు. మొదటి ఇల్లు వీధి మొదట్లో ఉన్న పెద్దాయనది. మాకు వరసకి బాబాయిగారు. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని ఆఫీసరుగారు అడిగారు.

"మాకా? మా గడప ఎప్పుడూ తడవలేదండీ. మాది మెరకండి. ఆయ్."

ఆయన వెనక గోడ మీద నడుం ఎత్తున బురద చార, ఈ చివర నుంచి ఆ చివరకి, తాడు పట్టి గీసినట్టుంది.

"మరి ఆ చారేంటండీ బాబాయిగారూ?" అన్నాను.

"చెమ్మమ్మా. ఉప్పుగాలి కదా."

రెండో ఇంటి గడపా తడవలేదు. మూడో ఇంటి గడపా తడవలేదు. ప్రెసిడెంటుగారింట్లో అయితే తుఫాను వచ్చిన సంగతే పొద్దున్న పక్కవాళ్ళు చెబితే తెలిసిందట. ఇక మా ఇల్లు. అత్తగారు కుర్చీ వేయించి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, "నీళ్ళాండీ? వచ్చేయి. వీధిలోంచే వెళ్ళిపోయేయి" అన్నారు.

"మరి మనం అటక ఎందుకెక్కేమండీ అత్తయ్యగారూ?"

"గాలికి. పెంకులు లేచిపోతున్నాయేమోనని చూడ్డానికెక్కేం."

"అందరమూనా?"

"నువ్వూరుకో. ఇంట్లో సంగతులు వీధిలో పెట్టడమేనా నీకు కాలేజీలో నేర్పింది?"

ఆఫీసరుగారు చాలా సంతోషించారు. "అదృష్టవంతులండీ మీరు. అయితే షెల్టరు పొరుగూరికి రాసేస్తాను" అని లేచారు.

ప్రెసిడెంటుగారి మొహం చూడాలి. పొరుగూరికి మేడ! అయినా నోరు విప్పి, మా ఇంట్లోకి నీళ్ళొచ్చేయండీ అనడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. వీధి చివర చేపలావిడ గంప పక్కన పెట్టుకుని నావంకే చూస్తోంది. నేను ఆఫీసరుగారిని బతిమాలి, మళ్ళీ మొదటి ఇంటికే తీసుకెళ్ళాను. ఈసారి ప్రశ్న మార్చాను.

"మీ గడప సంగతి తెలిసిందే బాబాయిగారూ. మీ ఎదురింటివాళ్ళకి ఎంతొచ్చేయండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. "వాళ్ళకా! బొడ్డుదాకా అమ్మా. అసలే పల్లం. రుబ్బురోలు కనబడక కాలికి తగిలి ఆయన బోర్లా పడ్డాడు. మా అరుగు మీంచి చూసేను."

ఎదురింటావిడ ఈ మాట విని బయటికే వచ్చేసింది. "మాకు రాలేదండీ. వీళ్ళకే మంచం తేలిపోయింది. తేలుకుంటా వచ్చి మా వాకిట్లో ఆగితే మేమే తిరిగిచ్చేం."

"మీ వాకిట్లో నీళ్ళు లేకుండా మంచం ఎలా వచ్చిందండీ పిన్నిగారూ?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "గాలికి" అంది.

ఇక అడగాల్సిన పని లేకపోయింది. వీధి వీధంతా బయటికొచ్చి పక్కింటి నీళ్ళు కొలిచి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి గాదె తడిసిందో, ఎవరి దేవుడి గూట్లోకి పీత ఎక్కిందో, ఎవరు గేదె కొమ్ములు పట్టుకుని వంతెన దాకా వెళ్ళారో. మధ్యాహ్నానికి ఊళ్ళో మునగని ఇల్లు లేదు. ఒక్కరూ తమ ఇంటి సంగతి ఒప్పుకోలేదు. ఆఫీసరుగారు నవ్వాపుకుంటూ, షెల్టరు మీకేనన్నారు.

అందరూ చప్పట్లు కొట్టాక అడిగారాయన. "స్థలం ఊరివాళ్ళే ఇవ్వాలండి. మంచి మెరక అయ్యుండాలి. ఇంతకీ మెరక ఎవరిదండీ?"

ఏళ్ళ తరబడి వాన పడ్డప్పుడల్లా నేను విన్న మాట ఒక్కసారి ఆగిపోయింది.

"మాదేం మెరకండీ" అన్నారు బాబాయిగారు ముందుగా. "చినుకు పడితే కప్పలు వంటింట్లోకొచ్చేత్తాయి."

"మాదీ పల్లమేనండి" అంది ఎదురింటావిడ. జీవితంలో మొదటిసారి ఆ రెండిళ్ళూ ఏకమయ్యాయి.

ప్రెసిడెంటుగారు ఇంకా లోతుకి వెళ్ళారు. "అసలు మా తాత ఆఖర్న వచ్చేడండి ఊళ్ళోకి. మిగిలింది తీసుకున్నాడు పాపం."

ఆఖర్న వచ్చినవాళ్ళెవరో నాకు ఆ రోజు తెలిసింది. అందరూను.

చేపలావిడ గంప ఎత్తుకోబోతూ ఆగింది. అప్పుడు మా అత్తగారు వీధి మధ్యకి వచ్చారు. ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిన కొబ్బరితోట మా దొడ్డి వెనకే ఉంది. ఒక్కొక్కరి మొహమూ చూశారు.

"అయితే అందరిదీ పల్లమేనన్నమాట. మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకు దెబ్బలాడేరు?"

ఆవిడ ఆఫీసరుగారి వైపు తిరిగారు.

"రాసుకోండి బాబూ. మా తోట మెరక. ఊరు మొత్తానికీ అదొక్కటే మెరక. కావలసినంత తీసుకోండి. అందరూ విన్నారుగా?"

ఆవిడ అంత గర్వంగా ఉండటం నా పెళ్ళిలో కూడా చూడలేదు. తర్వాత ఇంజనీరు వచ్చి, పని మొదలుపెట్టేముందు ఆ తోటలో ట్రాక్టర్లతో మట్టి పోయించాడు. ఎందుకండీ అని అడిగాను. "పల్లంగా ఉందమ్మా" అన్నాడు. నేను అత్తగారి వైపు చూశాను. "మెరకని ఇంకా మెరక చేస్తున్నారు" అన్నారావిడ, నా చూపు తప్పించి.

రెండువేల సంవత్సరం దాటాక మళ్ళీ ఒక తుఫాను కబురు వచ్చింది. పట్టపగలే చీకటి కమ్మింది. చేపలావిడ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మనవరాలిని పట్టుకుని మా దొడ్లోంచే షెల్టరుకి నడిచి వెళ్ళింది. పిల్ల ఇప్పుడు ఎత్తుకునే ఈడు దాటింది, ఆవిడనే నడిపిస్తోంది. అత్తగారు మాత్రం కదలనన్నారు. మెరక మీద ఉన్నవాళ్ళకి షెల్టరెందుకన్నారు. నేను వాదించి వాదించి, చివరికి ఈమధ్యలో పుట్టిన నా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాను.

మరి కాసేపటికి మెట్ల మీద చప్పుడు. మావారి భుజం పట్టుకుని అత్తగారు వచ్చారు. చంకలో ఊరగాయ జాడీ. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది.

"స్థలం నాది కదా. అందరూ సరిగా కూర్చున్నారో లేదో చూసి పోదామని వచ్చేను" అన్నారు నాతో, నేనింకా ఏమీ అనకముందే.

చేపలావిడ చాప మీద పక్కకి జరిగి చోటిచ్చింది. "రండమ్మగారూ. ఈసారి మీరు మా అటకెక్కండి."

"నీళ్ళకి రాలేదే నేను."

"ఆయ్" అంది చేపలావిడ, జాడీ అందుకుంటూ. "గాలికొచ్చేరండి."